నలుగురేమందురు? — కందుకూరి వీరేశలింగము పంతులవారి చరిత్రము

మన గృహములలో ఏ క్రొత్త కార్యమును దలపెట్టినను మొట్టమొదట వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. ఆ కార్యము ధర్మమా, యధర్మమా యని యడుగువారు కొందఱే. శాస్త్రసమ్మతమా కాదా యని విచారించువారు మఱికొందఱు. నలుగురేమందురని మాత్రము అందఱు నడుగుదురు. ఆ నలుగురెవ్వరో, మన యింటి విషయమున వారికి నిర్ణయాధికారమును ఎవ్వరిచ్చిరో యెవ్వరును చెప్పలేరు. న్యాయస్థానములలో మేము నిత్యము చూచుచున్న సంగతి యిదియే. చట్టము తమ పక్షముననుండియు, సాక్ష్యము తమ పక్షముననుండియు, బంధువులు వేలెత్తి చూపుదురను వెఱపుచే దావా వేయక తమ హక్కులను విడిచిపెట్టుకొను స్త్రీలును పురుషులును ఎందఱో కలరు. ఈ వెఱపును వట్టి మూఢత్వమని త్రోసివేయుట సులభము. కాని మనుష్యుడు మనుష్యుల నడుమ బ్రతుకవలసినవాడు. తోడివారి కన్నులలో తన ముఖమును చూచుకొనుట వాని స్వభావము. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఈ స్వభావమును పెఱికివేయుటకు ప్రయత్నింపలేదు. పాత నలుగురికి ఎదురుగ క్రొత్త నలుగురిని నిలిపి, ఆ వెఱపుచేతనే సత్కార్యములను చేయించిరి. అది యెట్లు సాగెనో, దానివలన నెవ్వరికి మేలు కలిగెనో, ఎవ్వరికి గాయమయ్యెనో తెలుపుటకే వారి జీవితమును ఇచ్చట సంగ్రహముగ వ్రాయుచున్నాము.

పంతులుగారు 1848వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీని రాజమహేంద్రవరమున జన్మించిరి. తండ్రి సుబ్బారాయుడుగారు, తల్లి పున్నమ్మగారు. చిన్ననాటనే తండ్రిని గోల్పోయి పెదతండ్రిగారి యింట పెరిగిరి. 1861లో, తమకు పదుమూడేండ్ల ప్రాయమున, బాపమ్మ యను బాలికను వివాహమాడిరి. అత్తవారింట ఆమెకు రాజ్యలక్ష్మి యను పేరు గలిగెను. యౌవనమున కేశవచంద్రసేనుని యుపన్యాసములను చదివి ఏకేశ్వరోపాసనమునందు అభిరుచి గలవారైరి. దయ్యములు లేవని తాము నమ్మినంతట నూరకుండక, జనులు భయపడు తావులకు చీకటివేళ పోయి వచ్చుటయు, దుర్ముహూర్తమని యెల్లరు నాపుచుండగా ప్రయాణము చేయుటయు వారికి వేడుకగ నుండెను. ఇది యంతయు ఒంటరివాని ధైర్యము. చూచినవారు ఆశ్చర్యపడిరేగాని యెవ్వరును వెంట నడువలేదు. ఒక్కడు వెఱపును జయించినంతమాత్రమున ఊరు మాఱదని పంతులుగారికి అప్పుడే బోధపడియుండునని మా యూహ.

1874లో ధవళేశ్వరమున ఉపాధ్యాయులుగ నుండి అచ్చట బాలికాపాఠశాలను స్థాపించిరి. ఆ సంవత్సరముననే వివేకవర్ధని యను పత్రికను ప్రారంభించిరి. ఆ పత్రిక చేసిన పని యెట్టిదో తెలియవలెనన్న నాటి గోదావరి మండలపు పట్టణముల స్థితిని కొంత తలచుకొనవలెను. కచ్చేరీలలో లంచము పుచ్చుకొనుట దోషముగ నెన్నబడుచుండలేదు, సమర్థతగ నెన్నబడుచుండెను. ఉద్యోగికి వేశ్యాసంపర్కము ఘనతకు గుఱుతు. ముదుసలికి పసిబాలికను కన్యాశుల్కమునకు విక్రయించిన తండ్రి లెక్క తెలిసిన గృహస్థు. ఈ పనులు చేయువారు దుష్టులని చెప్పజాలము. తోడివారందఱును వానిని మెచ్చుచుండిరి గనుక చేయుచుండిరి. మెప్పు మాఱినగాని నడత మాఱదు. వివేకవర్ధని ఆ మెప్పును మాఱ్చుటకు పూనుకొనెను. లంచగొండుల నడతను బయటపెట్టుచు, అంతవఱకు లోలోపల గర్వకారణములైన సంగతులను బహిరంగమున నవ్వుబాటు చేసెను. 1876లో దీనికి అనుబంధముగ హాస్యసంజీవని వెలువడెను. ఆంధ్రభాషాసంజీవని పత్రికాధిపతులగు కొక్కొండ వేంకటరత్నము పంతులవారితో జరిగిన వాదములలో ఈ హాస్యము మిక్కిలి పదునెక్కెను. ముదిమివయస్సున పసిపిల్లను పెండ్లాడు వృద్ధుల వెఱ్ఱిని బ్రాహ్మవివాహమను ప్రహసనమున జూపిరి. సామాన్యజనులు దానిని పెద్దయ్యగారి పెండ్లి యని పిలిచిరి.

మా వృత్తివారిని కూడ పంతులుగారు విడిచిపెట్టలేదు. వ్యవహారధర్మబోధిని యను నాటకమున, కూటసాక్షులను తయారుచేయుటయు, కక్షిదారులను పీల్చుటయు మున్నగు ప్లీడరుల నేర్పులన్నియు వాడుకమాటలతో చిత్రింపబడినవి. రాజమహేంద్రవరమున దానిని ప్రదర్శించినపుడు సభలో కూర్చున్న వకీళ్లు నవ్వవలెనో లేచిపోవలెనో తెలియని స్థితిలో నుండియుందురు. లేచిపోయినచో ఆ పాత్ర తమదేయని యొప్పుకొనినట్లగును. ఇంత కాలమునకు మేము దానిని చదివినను కొన్ని చోట్ల మాకు నవ్వు రాదు. హేళనమునకు ఈ బలము కలదని యొప్పుకొనుచునే, పంతులుగారు కొన్ని తావుల దానిని హద్దు మీఱి వాడిరని చెప్పక తప్పదు. దోషమును నవ్వుట వేఱు, దోషిని పేరుపెట్టి నలుగురిలో నిలువబెట్టుట వేఱు. మొదటిదానివలన సిగ్గు పుట్టును. రెండవదానివలన పగ పుట్టును. తరువాతి దినములలో పంతులవారిని చుట్టుముట్టిన పగలలో కొన్ని యిట్లు సంపాదించుకొనినవే.

ఇక వితంతువివాహ విషయము. ఈశ్వరచంద్ర విద్యాసాగరుని కృషివలన 1856లో పదునైదవ చట్టము పుట్టి హిందూవితంతువు మరల వివాహమాడుట న్యాయసమ్మతమయ్యెను. ఆ సంవత్సరము డిసెంబరు 7వ తేదీని కలకత్తాలో ఆ చట్టము క్రింద మొదటి వివాహము జరిగెను. చట్టము చేసినది ఇంతమాత్రమే: అట్టి వివాహము చెల్లుననియు, దాని సంతానము న్యాయసంతానమనియు చెప్పెను. దాని రెండవ సెక్షనును చదివినవారికి మఱొక సంగతి తెలియును. మరల వివాహమాడిన స్త్రీ మృతుడైన మొదటి భర్త యాస్తియందు తనకుగల హక్కును గోల్పోవలెను. అనగా శాసనకర్తలు ఆమెకొక ద్వారమును తెఱచి, వెనుకటి ద్వారమును మూసిరి. పుట్టినింటివారు రానీయక, అత్తింట భాగము లేక, క్రొత్త భర్తకు బంధువులందఱును దూరమైనపుడు ఆమె నిలుచుటకు చోటేది? పెండ్లి చెల్లునని న్యాయాధిపతి చెప్పగలడుగాని, పెండ్లిపంక్తిలో కూర్చుండి భోజనము చేయుడని యెవ్వరిని ఆజ్ఞాపింపగలడు? అందుచేత రాజమహేంద్రవరమున ఇరువదియైదేండ్లు ఆ చట్టము పుస్తకములో నిద్రించెను. ఇంటింటను బాలవితంతువులు మాత్రము మేలుకొనియే యుండిరి.

పంతులుగారు 1876 ప్రాంతమున రాజమహేంద్రవరము దొరతనమువారి కళాశాలలో తెలుగుపండితులైరి. 1879వ సంవత్సరము ఆగస్టు 3వ తేదీని వితంతువివాహము శాస్త్రసమ్మతమని తమ మొదటి యుపన్యాసము నిచ్చిరి. అక్టోబరునెలలో పండితుల యాక్షేపణలకు సమాధానముగ రెండవదానిని ఇచ్చిరి. పరాశరస్మృతి యొప్పుకొనిన యైదాపదలను గూర్చియు, కలియుగమునకు ఆ స్మృతియే ప్రమాణమను వాదమును గూర్చియు జరిగిన చర్చ యంతయు అచ్చుపుస్తకములలో నున్నది గనుక ఇచ్చట విస్తరింపము. ఖండనములు వెలువడెను, ఖండనములకు ఖండనములు వెలువడెను. సభలలో అల్లరులు జరిగెను. మాకు ముఖ్యముగ తోచునది వేఱొకటి. ఆ యుపన్యాసములను విని యొప్పుకొనినవారు పలువురు కలరు. చాటున వచ్చి పంతులవారిని అభినందించినవారు మఱి పలువురు. వారిలో తమ యింటి బాలవితంతువునకు వివాహము చేయుదుమని ముందుకు వచ్చినవారు మాత్రము అరుదు. సమాజమున చేరి చేవ్రాళ్లు చేసినవారే సమయము వచ్చినపుడు ఊరిలో లేకపోయిరి, లేదా యింటిలో ఎవ్వరికో జబ్బు చేసెను. బుద్ధి యొప్పుకొనినను కాళ్లు కదలవు. వాదములో గెలిచి పనిలో ఓడుట యెట్టిదో ఆ రెండేండ్లలో పంతులుగారికి తెలిసివచ్చెను.

అందుచేత వారి దృష్టి పెద్దలనుండి పిన్నలమీదికి మఱలెను. 1878నుండి రాజమహేంద్రవరమున ప్రార్థనసమాజమొకటి నడుచుచుండెను. కొలదిమంది కూడి వారమునకొకసారి పరమేశ్వరుని ధ్యానించి, తమ నడతను గూర్చి తామే మాటలాడుకొనుచుండిరి. బసవరాజు గవర్రాజుగారి వంటి విద్యావంతులు పంతులవారికి కుడిభుజమైరి. కళాశాల విద్యార్థులు చుట్టును చేరిరి. ఈ కూటమి చిన్నదే యైనను దానియందు చేరిన యువకునకు మునుపు లేనిదొకటి లభించెను. వాని మాటను జ్ఞాపకముంచుకొనువారు, తప్పినచో అడుగువారు, రేపు మరల ఎదురుపడువారు కలిగిరి. ఇంటియొద్ద తాతగారి కోపమునకు ఎంత వెఱచునో, ఇచ్చట తోడి విద్యార్థుల యెదుట తల వంచుకొనుటకు అంత వెఱచెను. రెండు భయములును సరితూగిన తావున వాని సొంతబుద్ధికి మాటలాడుటకు సందు దొరకెను. మన సమాజసోదరులలో కొందఱు దీనిని ఆక్షేపింతురు. బ్రాహ్ముడు దేవునికి తప్ప నెవ్వరికిని వెఱవరాదనియు, స్నేహితుల మెప్పునకై చేసిన పుణ్యము పుణ్యము కాదనియు వారి మతము. ఆ మాటలో సత్యము కలదు. గుంపు వేడిమిచే వచ్చినవారు అంతకంటె పెద్ద గుంపు వేడిమిచే పోవుదురని యీ చరిత్రమే ముందు చూపగలదు. కాని పదునెనిమిదేండ్ల బాలుడు, ఊరంతయు ఒకవైపుననుండగా, ఒంటరిగ అంతరాత్మను నమ్ముకొని నిలువవలెనని కోరుట కూడ కఠినమే. ఎక్కుటకు మెట్టు లేనివానిని మేడమీదికి రమ్మనుట వంటిది.

వివాహము చేయుటకు ధనము కావలెను. దానిని కాకినాడ వర్తకులగు పైడా రామకృష్ణయ్యగారు ఉదారముగ నొసంగిరి. బ్రాహ్మణవితంతువుల కష్టమునకై ఒక కోమటి గృహస్థు మూట విప్పినపుడు తమ తమ కులములలోని ధనవంతులు ఏమి చేయుచుండిరో పాఠకులే యోచించుకొనవచ్చును. గోగులపాటి శ్రీరాములుగారు వరుడగుటకు ఒప్పుకొనిరి. కృష్ణామండలమునుండి గౌరమ్మ యను బాలవితంతువును రాజమహేంద్రవరమునకు తీసికొనివచ్చిరి. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని వివాహము జరుగునని తెలిసినది మొదలు పట్టణమంతయు కలతపడెను. అడ్డగింతుమని ప్రతిజ్ఞలు చేసినవారును, వెళ్లినవారిని చూచుకొందుమని బెదిరించినవారును వీథివీథిని కలరు. పోలీసువారి కావలి యవసరమయ్యెను. ఆ దినమున పంతులవారి యింటికి అడ్డుగోడగ నిలిచినవారు విద్యార్థులు. తమ ఇండ్లలో తమకేమి కాచుకొనియున్నదో వారు ఎఱుగుదురు. అయినను ఒక్కనిని విడిచి ఒక్కడు పోలేకపోయెను. వివాహము నిర్విఘ్నముగ నెఱవేఱెను. నాలుగు దినములకు, 15వ తేదీని, రెండవ వివాహము జరిగెను. మొదటి వివాహమును అందఱును వర్ణింతురుగాని మేము ఈ రెండవదానినే గొప్పదిగ నెంచుచున్నాము. మొదటిది వింత, వింతను జనులు చూచి మఱచిపోవుదురు. నాలుగు దినములలో మరల జరిగినది వింత కాదు. ఊరిలో ఇట్టి పెండ్లిండ్లు చేయువారు కొందఱు కలరని అప్పుడు తెలిసెను.

పాత నలుగురు తమ ఆయుధమును వెంటనే తీసిరి. వెలి యను మాట నేటి పట్టణవాసులలో చాలమందికి పుస్తకములలోని మాట. అది పనిచేయు విధమును కొంచెము చెప్పవలసియున్నది. ఎవ్వరును కొట్టరు, తిట్టరు, ఇల్లు తగులబెట్టరు. పురోహితుడు రాడు. వంటబ్రాహ్మణుడు మానివేయును. నీళ్లు తెచ్చువాడు కడవను గుమ్మములో పెట్టి వెడలిపోవును. శుభకార్యములకు పిలుపు రాదు. వీరు పిలిచినను ఎవ్వరును రారు. కూతునకు వరుడు దొరకడు. తండ్రి యాబ్దికమునాడు భోక్తలు లేక విస్తళ్లు ఖాళీగ నుండును. ఆస్తికుడైనవానికి ఈ కడపటిదే మిక్కిలి దుస్సహము. ఒక్కొక్కరు చేసినది స్వల్పమే. ఎవ్వని మనస్సునను తాను క్రూరుడనని తోపదు. అందఱును కలిసినపుడు ఊపిరాడదు. పీఠాధిపతుల శ్రీముఖములు దీనికి తోడయ్యెను. వివాహమునకు వచ్చినవారును, విందులో భుజించినవారును, వారితో భుజించినవారును దోషులే యని వల విసరిరి. డిసెంబరు నెలలో ధీరులై నిలిచినవారిలో పెక్కుమంది కొలది కాలమునకే ప్రాయశ్చిత్తము చేసికొని కులమున కలిసిరి. తల్లి యన్నము మానినదని ఒకడు, చెల్లెలి వివాహము చెడునని ఒకడు వెనుదీసిరి. వారిని పిఱికివారని నిందించుటకు మాకు నోరు రాదు. వెలిని శిక్షించు చట్టము వారికి లేదు. బొంబాయి రాష్ట్రము 1949లో వెలిని నిషేధించుచు చేసిన చట్టమును 1962లో సుప్రీముకోర్టు చెల్లదని కొట్టివేసెను. మహారాష్ట్రము 2016లో సాంఘిక బహిష్కారమును నేరముగ నెంచి మఱొక చట్టమును చేసెను. ఇంత కాలమునకును శాసనసభలు ఈ రోగముతో పెనగులాడుచునే యున్నవన్నచో, 1881లో ఒక విద్యార్థికి ఆశ్రయమేది?

ఆశ్రయమొక్కటి కలదు, అది పంతులవారి వంటయిల్లు. ఈ భాగమును గ్రంథములలో రెండు మూడు వాక్యములతో దాటింతురు. వంటవారును నీళ్లవారును మానివేసిన దినమున రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి పోయి కడవతో నీరు తెచ్చి, వచ్చిన యందఱికిని వండి పెట్టిరి. ఆమె పుట్టినింటివారును చుట్టములును ఆచారపరులు. భర్తను విడిచి రమ్మని చెప్పువారు కరవుకాలేదు; ఆమె కదలలేదు. అంతకంటె ముఖ్యమైన సంగతిని మేము ఇట్లు తలచుచున్నాము. సంస్కర్తలకు సభలు కలవు, పత్రికలు కలవు, ప్రార్థనమందిరము కలదు. పురుషుడు వెలిపడినను కచ్చేరిలోనో బడిలోనో నలుగురి ముఖములు చూచును. వివాహమాడిన వితంతువునకు ఎవ్వరు కలరు? పదిమంది ఆడువారు కూడు నదిరేవులో ఆమెను చూచి కొంగు ముడుచుకొని తొలగుదురు. పురిటికి పిలుచు తల్లి లేదు. పసుపుకుంకుమలకు పిలుచు పొరుగులేదు. పురుషులకు క్రొత్త నలుగురిని పంతులుగారు కూర్చిరి. ఆ స్త్రీలకు క్రొత్త నలుగురిని రాజ్యలక్ష్మమ్మగారు తానొక్కతెయై కూర్చిరి. ఇల్లు విడిచి వచ్చిన పడుచులను తమ యింటనుంచుకొని, వివాహమగువఱకు తల్లివలెను, అయిన పిమ్మట పుట్టినింటివలెను నిలిచిరి. ఆ దంపతులు ఒకరింటికొకరు పోవుచు వచ్చుచు నొక చిన్న బంధువర్గమేర్పడెను. ఉపన్యాసములతో మొదలైన యీ యుద్యమము భోజనపంక్తితో నిలిచినదని మా యభిప్రాయము.

అందఱును సుఖముగ నుండిరని వ్రాసినచో అసత్యమగును. పంతులవారి ఆధ్వర్యవమున సుమారు నలువది వివాహములు జరిగెను. వరులలో కొందఱు ఆదర్శముచే వచ్చిరి. కొందఱు సమాజమిచ్చు ధనసహాయమునకై వచ్చిరి. బంధువులు ఎడబాసిన దంపతులకు కొంతకాలము పోషణము అవసరమే. కాని ఆ సహాయమును హక్కుగ భావించి, చాలదని కోపించి, పంతులవారిమీదనే అపవాదములు పుట్టించినవారును కలరు. స్వీయచరిత్రమున వారు ఈ సంగతులను దాచక వ్రాసిరి. ఇచ్చట మా విమర్శ యొకటి కలదు. సభలో చప్పట్ల నడుమ ఒక యువకుడు లేచి తాను వితంతువును వివాహమాడుదునని చెప్పినపుడు, వాని తెగువ ఎన్ని దినములు నిలుచునో చూచుటకు కొంత గడువు ఉండవలసినది. స్నేహితులు చూచుచున్నారని మాట ఇచ్చినవాడు, స్నేహితులు లేని యింటిలో ముప్పది యేండ్లు ఆ మాటను మోయవలెను. వాని ఉత్సాహము చల్లారినచో దాని ఫలమును అనుభవించునది వాడు కాదు, వాని భార్య. సంఖ్యను పెంచవలెనను ఆతురత సంస్కర్తలకు ఎప్పుడును కలుగును. ప్రతి వివాహమును శత్రువులు లెక్కించుచుండగా పంతులుగారును ఆ యాతురతకు లోబడకుండుట కష్టమయ్యెను.

గవర్రాజుగారు చిన్నవయస్సుననే మరణించిరి. పంతులవారికి అది తీరని లోటు. అయినను క్రొత్తవారు వచ్చిరి. 1887లో రాజమహేంద్రవరమున ప్రార్థనమందిరము వెలసెను. 1891నుండి సత్యసంవర్ధని యను పత్రిక నడచెను. రాయసము వేంకటశివుడుగారి వంటి యువకులు ఆ గాలిలో పెరిగిరి. బందరున జన్మించిన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు ఈ పద్ధతిని మఱింత దూరము తీసికొనిపోయి, సంఘపవిత్రతోద్యమమున విద్యార్థులచే వ్రతములు పట్టించిరి. మద్యము ముట్టము, భోగమేళమున్న వేడుకకు పోము అని చెప్పిన విద్యార్థి తన మామగారి యింటి పెండ్లికైనను ఆ మాటను నిలుపుకొనవలెను. 1893లో మదరాసు సంస్కర్తలు గవర్నరుగారికిని రాజప్రతినిధికిని మహజరులు పంపి, నాచ్చి వేడుకలకు హాజరు కావలదని వేడుకొనిరి. దొరలు ఒప్పుకొనలేదు. దొరతనము చేయని పనిని విద్యార్థులు చేసిరి. పెండ్లివారు మేళమును పిలిచినచో చదువుకొన్న పెండ్లికొడుకు స్నేహితులెవ్వరును రారను భయము కలిగిన పిమ్మట మేళములు తగ్గెను. ఇందులోను ఒక వెలితి కలదు. మేళము మానుడని పురుషులను శాసించినవారిలో, ఆ స్త్రీల సంగీతనాట్యవిద్య ఏమగునో, వారు రేపు ఏమి తిందురో విచారించినవారు మిక్కిలి తక్కువ. వెలియొక్క బాధను అంతగ ఎఱిగిన సంస్కర్తలే కళావంతుల కుటుంబములను ఒకవిధముగ వెలివేసిరి. ఈ మాట వ్రాయుటకు మాకు కష్టముగనే యున్నది.

పంతులవారి తక్కిన చరిత్రము సుప్రసిద్ధము. రాజశేఖరచరిత్రము మొదలు ఆంధ్రకవుల చరిత్రము వఱకు వారు వ్రాసిన గ్రంథములు తెలుగు వచనమునకు దారి వేసెను. 1893లో దొరతనమువారు రావుబహద్దరు బిరుదు నొసంగిరి. 1898లో మదరాసున కూడిన సంఘసంస్కరణ మహాసభకు అధ్యక్షులైరి. రానడేగారు వారిని దక్షిణదేశపు విద్యాసాగరుడని కొనియాడిరి. ఒకప్పుడు నీళ్లు మోయువాడు గడప తొక్కని యింటికి పెద్దలు దర్శనార్థము వచ్చుచుండిరి. ప్రాయశ్చిత్తము చేసికొని పోయిన పాత మిత్రులలో కొందఱు తమ కుమారులను తెచ్చి పంతులవారికి నమస్కరింపజేసిరన్నచో మేము ఆశ్చర్యపడము. లోకము మెచ్చినవానిని మెచ్చుట సులభము.

1906లో హితకారిణీసమాజమును స్థాపించి తమ యాస్తిని వితంతుశరణాలయమునకును పాఠశాలకును ఇతర సత్కార్యములకును ఆ సమాజము వశము చేసిరి. న్యాయవాదులుగ మేము దీనిని విశేషముగ గమనించితిమి. స్నేహముచే కూడినవారు మరణింతురు, విడిపోవుదురు, అలసిపోవుదురు. దస్తావేజుచే ఏర్పడిన సంస్థ వారి తరువాతను తలుపు తెఱచియుంచును. వెలికి వెఱచి వెనుదీసిన పేరులెన్నింటినో చూచిన పిమ్మట పంతులుగారు తమ పనిని మనుష్యుల మాటమీద మాత్రమే నిలుపలేదు.

1910లో రాజ్యలక్ష్మమ్మగారు స్వర్గస్థులైరి. సంతానము లేని ఆ యింట, ఆమె చేతిమీదుగ పెండ్లియై బిడ్డలను కన్న స్త్రీలు ఆమెను తల్లిగ దలచి దుఃఖించిరి. పంతులుగారు మఱి తొమ్మిదేండ్లు జీవించి, కవుల చరిత్రమును సంస్కరించు పనిలోనుండి, 1919వ సంవత్సరము మే 27వ తేదీని మదరాసున కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి గృహమున కన్నుమూసిరి.